మూడో పిలుపు

జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో ఊరి చివర, ఇంగ్లీషు సైన్యం ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇళ్ళ వరస ఒకటుంది. ఆ వరసలో ఆఖరి ఇల్లు మంచిది కాదు. ఈ మాట అక్కడ చదువుకునే మన పిల్లలంతా అంటారు. పగలు పోయి చూస్తే ఏమీ లేదు. ఎర్ర ఇటుక గోడలు, మూసేసిన కిటికీలు, మోకాలెత్తు గడ్డి... అంతే. పొద్దు గూకిందంటే మాత్రం ఆ దారిన సైకిలు తొక్కేవాళ్ళు వెనక్కి చూడరు. జనవరిలో అక్కడ పొద్దు గూకడమంటే మన దగ్గర టీ తాగే వేళకే.

ఒక మగ గొంతు పిలుస్తుందట. “లీజల్...” అని. కాసేపాగి మళ్ళీ “లీజల్...” అని.

అంతే... రెండే సార్లు. మూడోసారి పిలవగా విన్నవాళ్ళు లేరు.

కరోనా వచ్చిన తొలి ఏడు దాటి, కొత్త ఏడు మొదలైన రోజులవి. పిజ్జాలు మోసే పని చేసుకుంటూ చదువుకునే అఖిలేష్ అనే కుర్రాడు ఆ గొంతు విన్నాడు. విన్నవాడు విన్నట్టే పెట్టె అక్కడే పారేసి లగెత్తాడు. పాపం, ఆ పిజ్జా తెప్పించుకున్న ఇంటివాళ్ళు ఆ పూట ఏం తిన్నారో!

“ఒట్టు, అక్షయా. నా చెవులతోని విన్న. రెండుసార్లు పిలిచిండు” అన్నాడు ఫోన్లో, రొప్పుతూ.

“నువ్వు పలికినవా?”

“నాకేమన్న పిచ్చా? మూడోసారి పిలిచేదాంక పలుకొద్దని మా నానమ్మ చెప్పలేదా ఏంది!”

చెప్పని నానమ్మ ఉంటుందా మన వైపు? చీకటి పడ్డాక పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే తొలి పిలుపుకి పలక్కూడదు. రెండో పిలుపుకీ పలక్కూడదు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు, దెయ్యానికి ఆ మూడోది చేతకాదు. అక్షయది సిద్దిపేట. పాడర్‌బోర్న్ యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుతోంది. దెయ్యాలా, పాడా అని నవ్వే పిల్లే. కానీ ఈ ఒక్క కట్టుబాటు మాత్రం ఒంట్లోకి ఇంకిపోయింది. హాస్టల్లో ఉన్నప్పుడు కూడా చీకట్లో ఎవరైనా తలుపు బయటినుంచి పిలిస్తే మూడోసారికి గానీ “ఊఁ” అనేది కాదు. దానికి తిట్లు కూడా తినేది.

ఆమె ఖర్మ ఏమిటంటే, ఆ ఆఖరి ఇల్లు దాటితేనే తన గది. పొలాల అంచున ఒక పాత ఇంటి మేడ మీద అద్దెకుంటోంది. కింద ఇంటావిడ, రెనాటె బ్రింక్‌మన్. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. మొదట్లో చెత్త సంగతి తప్ప ఇంకోటి మాట్లాడేది కాదు. పసుపు సంచిలో వెయ్యాల్సింది నల్ల డబ్బాలో వేస్తే, మళ్ళీ తీయించి వేయించేది. లాక్‌డౌన్ వచ్చి ఇద్దరూ ఒకే కప్పు కింద ఇరుక్కుపోయేసరికి ఆవిడే మెత్తబడింది. “నన్ను ఓమా అని పిలువు” అంది. అంటే నానమ్మ అనే. అక్షయ కాచిన పప్పుచారు గిన్నెతో తాగి, ఇలాంటి సూపు పుట్టాక తాగలేదనేది. అక్షయ అనడానికి నోరు తిరక్క, “అక్సాయా...” అని సాగదీసేది.

ఒక సాయంత్రం వంటింట్లో, కిటికీ తెరిచి, బల్లకు ఆ కొసన ఒకరూ ఈ కొసన ఒకరూ కూర్చున్నారు. ఓమా ఉన్నట్టుండి అడిగింది. “నీకు ఇంగ్లీషు బాగా వచ్చు కదా. మా నాన్నను వెతికిపెడతావా?”

ఆయన పేరు వాల్టర్ పెల్. యుద్ధం అయిపోయాక ఇక్కడికి వచ్చిన ఇంగ్లీషు సిపాయి. ఇక్కడి పిల్లను మనసుపడ్డాడు. ఆ పిల్ల పేరు లీజల్. ఓమాకు తల్లి.

లీజల్ అనగానే అక్షయ గుండె ఝల్లుమంది. “ఆయన... మీ అమ్మను ఎక్కడ కలిసేవాడు?”

ఓమా కిటికీలోంచి చీకట్లోకి చెయ్యి చూపించింది. “అదిగో, ఆ ఆఖరి ఇల్లు ఉన్న చోట. అప్పుడక్కడ సైన్యం గేటు ఉండేది, ఇళ్ళు తర్వాత కట్టారు. గేటు దగ్గర నిలబడి అమ్మను పేరు పెట్టి పిలిచేవాడట.”

ఆ గొంతు సంగతి ఓమాకు తెలియదు. చీకటి పడగానే చెవి మిషను తీసి డబ్బాలో పెట్టుకునే మనిషి. ముసలామెను బెదరగొట్టడం ఎందుకని అక్షయా చెప్పలేదు.

ఊరెళ్ళి మా వాళ్ళతో చెప్పి వస్తాను, పెళ్ళి చేసుకుందాం అని వాల్టర్ సెలవు మీద ఇంగ్లాండ్ వెళ్ళాడట. మళ్ళీ రాలేదు. ఒక కబురు లేదు, కాకరకాయ లేదు. అప్పటికి లీజల్ కడుపుతో ఉంది. పుట్టిన బిడ్డను శత్రువు పిల్ల అని వీధిలో వేలెత్తి చూపించారు. లీజల్ ఇంక పెళ్ళి చేసుకోలేదు. పోయేదాకా అతన్ని తలిస్తే ఒకటే మాట అనేదట — మోసగాడు.

“నాకు ఆస్తులొద్దు, చుట్టాలొద్దు. మా అమ్మ అన్నది నిజమేనా? మమ్మల్ని కావాలనే వదిలేశాడా? నేను పోయేలోపు ఆ ఒక్కటీ తెలియాలి, అక్సాయా” అంది ఓమా.

వాల్టర్ ఊరు లింకన్‌షైర్ వైపు ఎల్డర్‌స్టో అనే పల్లె. అక్కడ పుట్టినవాళ్ళు, పెళ్ళాడినవాళ్ళు, పోయినవాళ్ళు, అందరి పేర్లూ చర్చి పుస్తకాల్లో ఉంటాయి. పోయి చూద్దామంటే సరిహద్దులు మూసేసి ఉన్నాయి. అక్షయ చర్చికి మెయిలు రాసింది. ఆ చర్చి తాళాలు చూసుకునే మిసెస్ టాఫ్ట్ అనే పెద్దావిడ జవాబిచ్చింది. చర్చి మూసే ఉందనీ, కప్పు కారుతోందేమో చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఒక పేజీ ఫోటో తీసి పంపుతాననీ రాసింది.

ముందు బాప్తిస్మం పేజీ వచ్చింది. వాల్టర్ పెల్. తండ్రి పని, ఆవుల కాపరి.

“ఇన్నాళ్ళూ నేను గొప్పింటి మనవరాలిననుకున్నానే! ఆవుల కాపరా?” ఓమా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, ఫోను తీసుకుని ఆ పేరు మీద వేలు పెట్టి నిమిరింది.

ఇక మిగిలింది పెళ్ళి పుస్తకం. “అది చూడాలంటేనే భయంగా ఉంది. ఎవర్నో కట్టుకుని హాయిగా ఉన్నాడని తేలితే...” అని ఓమా ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాటికి ఓమాకు దగ్గు పట్టుకుంది. టెస్టు చేయిస్తే కరోనా ఉందన్నారు. ఇంట్లోనే ఉండండి, ఎక్కువైతే ఫోన్ చెయ్యండి అన్నాడు డాక్టరు. ఓమా వంటింటి తలుపు వేసుకుని లోపలినుంచే అరిచింది. “పైకి పో. కిందికి రావద్దు!”

“రాత్రి ఏం కావాలన్నా పిలవండి, ఓమా” అంది అక్షయ.

“పిలుస్తాలే” అంది.

ఆ రాత్రి మంచు పడుతోంది. పైగదిలో అక్షయకు నిద్ర లేదు. ఆఖరి ఇంటి వైపు నుంచి... సన్నగా...

“లీజల్...”

అంతదాకా ఒకరు చెప్తే వినడమే గానీ తన చెవులతో వినడం అదే మొదలు.

“లీజల్...”

దుప్పటి తలమీదికి లాక్కుంది. ఎంతసేపలా ఉందో... ఇంకో గొంతు. ఈసారి దగ్గర్లో. చాలా దగ్గర్లో.

“అక్సాయా...”

బయటినుంచా? కిందినుంచా? ఊపిరి లేని గొంతు. ఆడదో మగదో కూడా తెలియడం లేదు.

“అక్సాయా...”

అక్షయ పళ్ళ బిగువున నోరు మూసుకుంది. మూడోసారి పిలవనీ. మనిషైతే పిలుస్తుంది... ఓమా అయితే పిలుస్తుంది... పిలవనీ, ఒక్క దూకున కిందికి పోతాను...

మూడోసారి పిలుపు రాలేదు.

తెల్లారి దిగితే, మెట్ల మొదట్లో ఓమా పడి ఉంది. ఒక చెయ్యి మెట్టు మీద ఉంది. ఊపిరి ఉంది గానీ ఈల వేసినట్టు వస్తోంది. అంబులెన్సు వాళ్ళు నిలువెల్లా కప్పుకుని వచ్చి ఎత్తుకెళ్ళారు. వాళ్ళలో ఒకతను మామూలుగానే అడిగాడు, “రాత్రి మీరు ఇంట్లోనే ఉన్నారా?” అని. అక్షయ తలూపింది.

ఆ మధ్యాహ్నమే మిసెస్ టాఫ్ట్ మెయిలు వచ్చింది. పెళ్ళి పుస్తకంలో వాల్టర్ పేరు లేదట. వేరే పుస్తకంలో ఉందట.

అక్కడి చర్చిలో పెళ్ళికి ముందు చాటింపు వేస్తారు. ఫలానా పిల్లవాడికీ ఫలానా పిల్లకీ పెళ్ళి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని పేర్లు పిలిచి అడుగుతారు. వరసగా మూడు ఆదివారాలు అడగాలి. మూడోసారి కూడా ఎవరూ ఏమీ అనకపోతేనే పెళ్ళి. ఆ చాటింపు పుస్తకంలో ఉంది — వాల్టర్ పెల్, ఈ ఊరు. లీజల్ బ్రింక్‌మన్, జర్మనీ. మొదటి ఆదివారం పిలిచినట్టు పాదిరి సంతకం. రెండో ఆదివారం సంతకం. మూడో ఆదివారం దగ్గర... ఖాళీ.

కారణం సమాధుల పుస్తకంలో ఉంది. అదే వారం వాల్టర్ పెల్‌ను పూడ్చారు. ఆ ఏడు అక్కడ ఎన్నడూ పడనంత మంచు పడిందట. మంచులో చిక్కుకున్న ఆవుల్ని తోలుకురావడానికి తండ్రితో పాటు వెళ్ళిన మనిషి కనపడకుండా పోయాడని, తర్వాత శవమై దొరికాడని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారని మిసెస్ టాఫ్ట్ రాసింది. జర్మనీ పిల్లకు ఎవరు కబురు పెడతారు? మొన్నమొన్నటిదాకా యుద్ధం చేసినవాళ్ళాయె.

అక్షయ ఏడుస్తూనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. చూడనివ్వరట. ఒక నర్సు జాలిపడి, “ఇప్పుడు మత్తులో ఉంది. రేపు పొద్దున చెయ్యండి, చెవి దగ్గర ఫోను పెడతాను” అంది.

పొద్దున చేస్తే, “రాత్రే పోయింది” అంది.

చెప్పాల్సిన మాట చేతిలోనే ఉండిపోయింది. ఖననానికి కూడా పోలేదు, క్వారంటైను. ముందే తీసుకెళ్ళినా బతికేది కాదేమో అని నర్సు ఓదార్చింది. బతకదు, సరే. రెండో పిలుపుకే దిగి ఉంటే పక్కన కూర్చునైనా ఉండేదాన్ని కదా అని అక్షయ తల గోడకేసి కొట్టుకుంది. ఎంత కొట్టుకుంటే ఏం లాభం!

క్వారంటైను అయిపోయిన సాయంత్రం, తనంతట తానే ఆ ఆఖరి ఇంటి దగ్గరికి పోయింది. గడ్డిలో నిలబడింది.

“లీజల్...”

కదల్లేదు.

“లీజల్...”

ఈసారి భయం వెయ్యలేదు, కడుపులోంచి ఏడుపొచ్చింది. రెండుసార్లు చాటారు, మూడోసారి చాటేవాళ్ళు లేక ఈ మనిషి ఇక్కడే నిలబడిపోయాడు. అక్షయ కళ్ళు తుడుచుకుంది. చర్చిలో పాదిరి పిలిచినట్టు గట్టిగా పిలిచింది.

“లీజల్!”

జర్మన్ గుర్తుకు రాలేదు. తెలుగులోనే అంది, “అడ్డం చెప్పేటోళ్ళు ఎవ్వరు లేరు తాతా. పో... ఆమె దగ్గరికి పో.”

ఇంటిదారి పట్టింది.

ఓమా దూరపు చుట్టం ఒకతను వచ్చి కింద గదులన్నిటికీ తాళాలు వేసుకుపోయాడు. ఇల్లంతా చీకటి. అక్షయ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. తాళం వేసిన వంటింటి తలుపు వెనకనుంచి...

“అక్సాయా...”

ఒక్కసారే. ఆ రాత్రి రెండు అయ్యాయి కదా, ఇది మూడోది.

“ఆఁ ఓమా! వచ్చిన... ఇగో వచ్చిన!”

ఆ తలుపుకు ఒరిగి నేల మీద కూర్చుంది. చాటింపు సంగతి, మంచు సంగతి, ఆవుల సంగతి అన్నీ చెప్పింది. “మోసం చెయ్యలే, ఓమా. పెళ్ళికి పేర్లిచ్చిండు. మీ అమ్మకు గూడ చెప్పు” అంది. తెల్లారేదాకా అక్కడే ఉంది.

ఆనాటినుంచి ఆఖరి ఇంటి దగ్గర ఎవరికీ ఏ గొంతూ వినపడలేదు. అఖిలేష్ ఇప్పుడు పిజ్జాలు పట్టుకుని ఆ దారినే పాటలు పాడుకుంటూ పోతాడు. ఆ పాట కంటే దెయ్యమే నయమని తోటివాళ్ళు ఏడిపిస్తారు.

వాడే ఒకసారి అక్షయను మెల్లగా అడిగాడట. “తలుపు వెనక ఎవ్వరు లేరు గదా. మరి పిలిచింది... దెయ్యమే గదా?”

“దెయ్యం మూడోసారి పిలవదు” అంది అక్షయ. “పిలిచింది మా ఓమా.”