తాగే నేల

శనివారం పొద్దున్నే బ్రిటా స్నానాల గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, పాత పళ్ళ బ్రష్‌తో నేల తోముతోంది. అమెరికా ఉత్తరపు కొసన ఉన్న డులూత్‌లో మార్చి వచ్చినా మంచు కరగలేదు. సరస్సు మీంచి వచ్చే గాలి కిటికీ రెక్కని ఊరికే తట్టిపోతోంది. నేలంతా ఆరు మూలల చిన్న చిన్న తెల్ల బిళ్ళలు, ఎనభై ఏళ్ళ నాటివి. బిళ్ళలకేం, నిక్షేపంలా ఉన్నాయి. వాటి సందుల్లో నింపే సిమెంటు, గ్రౌట్ అంటారే, రోగమంతా దానికే. నాలుగు కాళ్ళ స్నానపు తొట్టి చుట్టూ నల్లగా, బంకగా, వేలితో నొక్కితే ముసలివాళ్ళ చిగుళ్ళలా మెత్తగా దిగుతోంది.

సోమవారం పదింటికి పిల్లల సంక్షేమ శాఖ నుంచి హాల్వర్సన్ మేడమ్ వస్తుంది. బ్రిటా వాళ్ళ అక్క ఆసుపత్రి నుంచి ఇప్పట్లో వచ్చేలా లేదు. అక్క కూతురు టిల్లీ, ఏడేళ్ళది, మూడు నెలలుగా ముక్కూ మొహం తెలియనివాళ్ళింట్లో ఉంటోంది. పిన్ని దగ్గరికి పంపాలంటే పిన్ని ఇల్లు పిల్ల ఉండేలా ఉండాలి. పోయినసారి మేడమ్ వంటిల్లు మెచ్చుకుంది, మంచం మెచ్చుకుంది, ఈ గుమ్మం దగ్గరికొచ్చేసరికి మాత్రం ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది.

"ఈ బూజు పోవాలమ్మా. మళ్ళీ వచ్చేసరికి ఇలాగే ఉంటే నేను సంతకం పెట్టలేను."

పెట్టకపోతే టిల్లీని మూడు గంటల దూరంలో ఇంకెవరింటికో పంపేస్తారు.

బ్రిటా తమ్ముడు డెల్ గుమ్మానికి ఆనుకుని డోనట్ తింటున్నాడు. సాయానికొచ్చానంటాడు. అతని సాయం ఎప్పుడూ ఆ భంగిమలోనే ఉంటుంది.

"అక్కా, ఆ బ్రష్ నాది కాదు కదా?"

"నీదే. నువ్వు వాడట్లేదని నీ పళ్ళే చెప్తున్నాయిగా."

గోధుమరంగు నురగ లేచింది. అందులోంచి ఒక తెల్ల వెంట్రుక తోక ఊపింది. బ్రిటా పట్టుకుని లాగింది. వచ్చింది. ఇంకా వచ్చింది. జానెడు... మూరెడు... చివర్న చీమిడిలాంటి ముద్దొకటి అంటుకుని, టప్పున ఊడింది.

డెల్ డోనట్ నమలడం మానేశాడు. "ఇదివరకు ఈ ఇంట్లో ఉన్న ముసలి ఆర్వో గెడ్డం అయ్యుంటుంది."

"నోరు ముయ్యి."

"పక్కింటివాళ్ళే చెప్పారక్కా. ఇక్కడే జారి పడ్డాడట. పదిహేడు రోజులకి గానీ ఎవరూ తలుపు తియ్యలేదట. పడగానే పోయుంటే బాగుండేది... కుళాయి చుక్కలు కారుతూనే ఉందట. చెయ్యి అందలేదట."

బ్రిటాకి తెలియని సంగతేం కాదు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు దాచలేదు. గోడలకి రంగేశామన్నారు, కుళాయి మార్చామన్నారు. నేల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నేల ఊసెత్తినవాడు పనిముట్ల కొట్టు పెద్దాయన. నీళ్ళు ఇంకకుండా సందుల మీద పూసే సీలర్ డబ్బా చేతిలో పెడుతూ అన్నాడు: "సీలు లేని గ్రౌట్‌కి ఎంగిలనీ, మైలనీ ఉండదమ్మా. మీద ఏం పడితే అది తాగేస్తుంది. బాగా కడిగి, ఒక రోజంతా ఆరనిచ్చి, అప్పుడు పుయ్యి. తడి మీద పూశావో, లోపలున్నది లోపలే ఉండిపోతుంది. నాలుగు రోజులకి పొక్కు కట్టి ఊడొస్తుంది కూడా. సీలు పట్టిందో లేదో నీటి చుక్క వేసి చూసుకో. పట్టిందంటే చుక్క ముత్యంలా నిలబడాలి."

బ్రిటా సరే సరే అని తల ఊపింది. సూపు చల్లారేదాకా ఆగలేక వారానికోసారి నాలుక కాల్చుకునే మనిషి ఆమె. ఒక రోజంతా ఆగడమట!

కడగడం అయ్యాక, పూయకముందు ఎలా ఉందో చూద్దామని వేలి కొసతో ఒక చుక్క వేసింది. చుక్క నిలబడలేదు. స్... అని చిన్న చప్పుడుతో సందులోకి పోయింది. ఇంకోటి వేసింది. అదీ అంతే. పంతం కొద్దీ మగ్గుతో పోసింది. బిళ్ళల మీద ఒక్క క్షణం మెరిసి, నీళ్ళన్నీ తొట్టి కాలి వైపుకి పాకాయి. నేల వాలు అటు కాదు. అయినా అటే పాకాయి. మగ్గెడు నీళ్ళూ మాయం.

"దాహంగా ఉన్నట్టుంది," అన్నాడు డెల్. "కాఫీ పెట్టమంటావా దానికి?"

బ్రిటా నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే వాసన వచ్చింది. పూలకూజాలో నెల రోజులు మరిచిపోయిన నీళ్ళ వాసన. దాని అడుగున ఇంకోటి... పేరుకున్న కొవ్వు వాసన.

తలారబెట్టుకునే యంత్రం తెచ్చి, వేడి పూర్తిగా పెంచి, సందు సందుకీ గాలి కొట్టింది. ఒక రోజు పనిని రెండు గంటల్లో కానిచ్చేద్దామని. వేడి తగిలేకొద్దీ నేలకి చెమట పట్టింది. నీటి చెమట కాదు. పసుప్పచ్చగా, చిక్కగా, చిన్న చిన్న బొట్లు సందుల్లోంచి పైకి ఉబికాయి. కాగితంతో తుడిస్తే కాగితం జిడ్డోడింది. మళ్ళీ ఉబికాయి. ఆమె మోకాళ్ళకి అంటుకున్నాయి. గోరువెచ్చగా ఉన్నాయి.

డెల్ డోనట్ ముక్కని చెత్తబుట్టలో పడేశాడు. మొహం పాలిపోయింది. "అక్కా, ఇది వదిలెయ్. మేడమ్‌కి ఫోన్ చేసి ఇంకో వారం అడుగు."

"ఇప్పటికే రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగితే పిల్ల మీద ఆశ వదులుకోమంటారు."

డెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. మంచులో అతను కక్కుకుంటున్న చప్పుడు కిటికీలోంచి వినిపించింది.

బ్రిటా డబ్బా మూత తీసింది. సన్న కుంచెతో మొదలుపెట్టింది. గుమ్మం నుంచి లోపలికి ఒక్కో గీతా నింపుకుంటూ, మిగిలిందాన్ని గుడ్డతో తుడుచుకుంటూ పోయింది. సందు మూసుకున్నప్పుడల్లా కింద ఏదో కదిలినట్టుంది. గుటక వేసినట్టు. ఇంకో గీత. ఇంకో గుటక... దగ్గరగా. ఆమె ముందుకెళ్తున్నకొద్దీ అదీ వెనక్కి జరుగుతోంది. తొట్టి కాలి వైపు.

చివరికి తొట్టి కాలి దగ్గర గోరంత సందు మిగిలింది. తల నేలకి ఆనించి చూస్తే తప్ప కనబడదు. ఆనించింది. చెంపకి జిడ్డు తగిలింది. చెవి కింద... ఊపిరి.

"ఒక్క... గుక్క..."

కుంచె ఆగింది. ఆ గొంతులో కోపం లేదు. ఆకలిగొన్న పిల్లి గొంతులా ఉంది. అదే మరీ అసహ్యంగా తోచింది ఆమెకి.

"ఒక్క గుక్క... అమ్మా..."

కుళాయి ఆమె చేతికందే దూరంలోనే ఉంది. కానీ ఒక గుక్క పోస్తే నేల మళ్ళీ తడుస్తుంది. మళ్ళీ తోమాలి, మళ్ళీ ఆరాలి. సోమవారం. పదింటికి. టిల్లీ.

"క్షమించు తాతా," అని గొణిగి, కుంచెని గట్టిగా నొక్కింది.

నిశ్శబ్దం.

సాయంత్రం చుక్క వేసి చూసింది. ముత్యంలా నిలబడింది. గుమ్మం దగ్గరా, కిటికీ కిందా, తొట్టి పక్కనా, వేసిన ప్రతి చుక్కా గుండ్రంగా మెరుస్తూ నిలబడింది. వాసన లేదు. బ్రిటా గదిలో ఒంటరిగా గంతులేసింది. మిగిలిన సగం డబ్బాని బేస్‌మెంట్‌లో, క్రిస్మస్ దీపాల పెట్టె వెనక దాచేసింది. కుంచెని బయటి చెత్తడబ్బాలో పడేసింది.

సోమవారం హాల్వర్సన్ మేడమ్ గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. రుమాలు జేబులోనే ఉండిపోయింది. "మా ఇంటికీ వచ్చి చేసిపెడతావా ఏంటి?" అని నవ్వి, సంతకం పెట్టింది.

బుధవారం సాయంత్రం టిల్లీ వచ్చింది. చంకలో గుడ్డ కుందేలు, ముందు పళ్ళు రెండు లేవు. డెల్ ఆమెని భుజాల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిప్పాడు. "ఇది మీ పిన్ని ప్రాణాలొడ్డి కడిగిన స్నానాల గది. ఇందులో ఉచ్చ పొయ్యాలంటే టికెట్ కొనాలి" అంటే కిలకిలా నవ్వింది. ఆ నవ్వు వింటూ బ్రిటా వంటింట్లో కళ్ళు తుడుచుకుంది.

డెల్ వెళ్ళాక టిల్లీ స్నానాల గదిలో కూర్చుని కుందేలుతో ఆడుకుంది. చాలాసేపు. తర్వాత వంటింట్లోకి వచ్చి నీళ్ళడిగింది. బ్రిటా గ్లాసు నింపి ఇచ్చింది. గటగటా తాగి ఖాళీ గ్లాసు చాపింది. మళ్ళీ. మళ్ళీ. ఐదో గ్లాసుకి బ్రిటా చెయ్యి ఆగింది.

"కడుపు నొప్పెడుతుంది బంగారూ. ఇంక చాలు."

"పిన్నీ, చూడు నాకేం దొరికిందో!" టిల్లీ గుప్పిట తెరిచింది. గోరంత పొర. పారదర్శకంగా, పుండు మీది పక్కులా వంకర తిరిగి ఉంది. "తొట్టి కాలి దగ్గర పొక్కులా లేచింది. గిల్లితే ఊడొచ్చింది."

బ్రిటా స్నానాల గదికి పరుగెత్తింది. తొట్టి కాలి దగ్గర తల ఆనించి, ఊడిన చోట చుక్క వేసింది. చుక్క అక్కడే నిలబడింది. తాగేవాళ్ళు ఎవరూ లేనట్టు.

వెనక టిల్లీ వచ్చి నిలబడింది. బ్రిటా లేచి, తడి చేత్తో పిల్ల చెంప నిమరబోయింది. వేలి కొస నుంచి ఒక చుక్క జారి ఆ చెంప మీద పడింది.

స్...

తడి లేదు. చెంప పొడిగా ఉంది. పూలకూజా వాసన గుప్పుమంది.

బ్రిటా చూపు, ఆమెకే తెలియకుండా, బేస్‌మెంట్ మెట్ల వైపు మళ్ళింది.

టిల్లీ ఆ చూపునే గమనిస్తోంది. గుడ్డ కుందేల్ని గుండెకి అదుముకుని, ఒక్కడుగు వెనక్కి వేసింది.

"దీపాల పెట్టె వెనకది తేవద్దు పిన్నీ..." అని గుసగుసలాడింది. "ఈసారి నన్ను ముయ్యొద్దు."