వాలెన్సియాకి వెళ్లిన కొబ్బరి బిస్కెట్లు

వాలెన్సియాలో పొద్దుటి కాఫీ తాగాలంటే చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లాలని కరుణమ్మకి వచ్చిన మర్నాడే తెలిసింది. కూతురు జెస్సీ రెండేళ్లుగా స్పెయిన్‌లోని ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తోంది. "వంటింటి వైపు చూశావంటే ఊరుకోను" అంటూ అమ్మానాన్నల్ని రోజూ వీధి మలుపులోని బేకరీకి లాక్కుపోతోంది.

కొత్తపేటలో ముప్పై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ కాఫీలిచ్చి, చివర్న మిగిలింది చల్లారాక తాగడం కరుణమ్మకి అలవాటు. ఇక్కడ ఎవరో పొగలు కక్కే కప్పు తెచ్చి ముందు తనకే పెడుతుంటే మొదటి రోజు కంగారుపడి లేచి నిలబడబోయింది. నాలుగో రోజుకి హాయిగా కూర్చోవడం నేర్చుకుంది.

హెడ్మాస్టరుగా రిటైరైన దానంగారికి మాత్రం ఏదీ నచ్చలేదు.

"ఇదేం కాఫీ తల్లీ? ఉగ్గుగిన్నెడు పోసి, అందులోనూ చేదు. ఆ రొట్టె కొరికితే పళ్లు చేతికొచ్చేలా ఉన్నాయి."

"అడుగున చిక్కటి తీపి పాలున్నాయి నాన్నగారూ, కలుపుకోండి."

ఆయన కలుపుకుని చివరి చుక్క దాకా తాగారు. బావుందని మాత్రం అనలేదు.

ఆ బేకరీ యజమానురాలు పిలార్ అనే పెద్దావిడ. రోజూ ఊరికే తినేసి పోతే ఏం బావుంటుందని, కరుణమ్మ ఊరి నుంచి తెచ్చిన కొబ్బరి బిస్కెట్లు నాలుగు ఆవిడ చేతిలో పెట్టింది. పిలార్ ఒకటి కొరికి, ఇంకోటి కొరికి, లోపలున్న మొగుణ్ణి కేకేసి పిలిచింది.

"ఇవి ఏ కొట్లో దొరుకుతాయని అడుగుతున్నారమ్మా" అంది జెస్సీ.

"కొట్లో ఎక్కడివి? ప్రతి క్రిస్మస్‌కీ పిండీ, నెయ్యీ, కొబ్బరి కోరూ డబ్బాలో పెట్టుకెళ్లి బేకరీలో కాల్పించుకొస్తాం కదా, అదే చెప్పు."

ఆ మాట పిలార్‌కి చెప్పి, జెస్సీ తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, వచ్చే ఏడాది ఇక్కడి ఉద్యోగం అయిపోతుంది. వచ్చేస్తాను. అమలాపురంలో బేకరీ పెడదాం. ఇలాంటి కాఫీ, నీ బిస్కెట్లు. నువ్వూ నేనూ కలిసి."

దానంగారి చేతిలో చెంచా ఆగిపోయింది.

"మా నాన్న కూలి చేసి నన్ను మాస్టార్ని చేసేరు. నేను నిన్ను ఇంజనీర్ని చేసేను. ఇప్పుడు మాస్టారి భార్య బల్ల వెనక నిలబడి బిస్కెట్లు అమ్ముతుందా? చర్చిలో తలెత్తుకోగలనా నేను?"

"అమ్మని అడగండి నాన్నగారూ."

"అడిగేదేంటి? నేను చెప్పేనంటే చెప్పినట్టే."

"నాకిష్టమేనండీ" అంది కరుణమ్మ.

ఆ గొంతు తనదేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది. అయినా ఆగలేదు.

"ఏటా ఆ డబ్బా మోసుకెళ్లి, పొద్దుట్నించీ సాయంత్రం దాకా బేకరీ అరుగు మీద కూర్చుంటాను. ఏడాది మొత్తంలో నాకిష్టమైన రోజు అదొక్కటేనండీ. ఎలా వెళ్లేవు, ఏం తిన్నావు అని ఒక్కసారైనా అడిగేరా? డబ్బా మూత తీసి తినేవారంతే. మావయ్యగారు కష్టపడి మిమ్మల్ని చదివించేరు. కష్టం చేయడం తప్పని ఆయన మీకెప్పుడైనా చెప్పేరా?"

దానంగారు లేచి బయటికి నడిచారు. రాత్రికి తిరిగొచ్చి అటు తిరిగి పడుకున్నారు.

మర్నాడు కరుణమ్మ లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. బల్ల మీద ఆయన ఫోను కనపడగానే జెస్సీ గబగబా చెప్పులేసుకుంది. "భాష కూడా రాదమ్మా!" అంటూ తలుపు తీసింది. గుమ్మంలో దానంగారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో కాఫీ కప్పు, రెండో చేతిలో కాగితం సంచీ.

"ఎక్కడికెళ్లేరండీ? మీరే తెచ్చేరా?"

"ఆయ్" అన్నారాయన. పెద్దవాళ్లకి మర్యాదగా 'అవునండీ' అని చెప్పే ఆ మాట పెళ్లయ్యాక భార్యతో అనడం అదే మొదటిసారి. "వేలితో చూపించి కొన్నాను. ఆ పిలార్‌గారు గుర్తుపట్టేరు. చల్లారిపోతుంది, నువ్వు ముందు తాగు."

"మరి మీకో?"

"నేను తర్వాత తాగుతాన్లే." ఆయన పక్కనే కూర్చుని, నేలకేసి చూస్తూ అన్నారు. "అరుగు సంగతి నాకు నిజంగా తెలీదు కరుణా. ఈ క్రిస్మస్‌కి డబ్బా నేను మోస్తాను. నాకూ అక్కడ కాస్త చోటుంచు."

"మరి పై క్రిస్మస్‌కో నాన్నగారూ?" అంది జెస్సీ.

"అప్పటికి మన బేకరీయే ఉంటుంది కదే. ఇంకొకళ్ల అరుగు మీద కూర్చోవడం దేనికి?"

కరుణమ్మ గబుక్కున ఒక గుక్క తాగింది. నాలుక చుర్రుమంది. కళ్లలో నీళ్లు అందుకేనంది గానీ, ఇద్దరూ నమ్మలేదు.