ఏడు పక్కన ఎనిమిది

పెద్దకోడలు పార్కు నుంచి తిరిగొచ్చేసరికి భర్త వరండాలో కూర్చుని చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఊరివాళ్ళ కళ్ళకు సరిపడే అద్దాలు అరగదీసి ఇవ్వడం ఆయన వృత్తి. మెత్తటి గుడ్డతో తప్ప తుడవకూడదని కొనేవాళ్ళకు మరీ మరీ చెబుతాడు. తన అద్దాల దగ్గరికి వచ్చేసరికి చొక్కా చాలు. అత్తగారు పోయి చాలాకాలమైనా, బంధువులందరికీ ఆమె ఇంకా పెద్దకోడలే.

టీ గ్లాసు అందించి, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు ఆమె సంగతి ఎత్తింది. పార్కు గేటుకు మునిసిపాలిటీ వాళ్ళు నోటీసు అంటించారు. ఇకమీదట లోపల ఏ క్లాసు జరిపినా నెలనెలా ఫీజు కట్టాలట. ఇన్నాళ్ళూ పైసా పుచ్చుకోకుండా వ్యాయామం నేర్పుతున్న డ్రిల్ టీచరమ్మ, తన పింఛనుతో అంత భరించలేనంది. తలా కొంత వేసుకుంటామంటే సోమవారం మొదలుపెడతాననీ, అందాకా క్లాసు లేదనీ చెప్పేసింది.

ఆయన నవ్వాడు. "గాలి ఊరికే వస్తోంది, కాళ్ళూ చేతులూ మనవి. వాటిని ఊపడానికి ఫీజా? రేపు గడ్డి మీద తుమ్మినా రసీదు రాస్తారు."

"టీచరమ్మ మాత్రం ఏం చేస్తుందండీ?"

"ఆవిణ్ణి నేనేమీ అనడం లేదు. మనకు డాబా ఉంది, అక్కడ చెయ్యి. అంకెలు లెక్కపెట్టే మనిషే కదా కావలసింది, నేను పెడతాను."

ఆయన పిసినారి కాదు. ఆమె మోకాళ్ళ నొప్పికి ఎంత ఖరీదైన మందైనా తెస్తాడు. ఆమెకు కావలసింది వ్యాయామం కాదని ఆయనకు తెలియదు, అంతే. తెలియనివ్వకుండా ఆమే కాపాడుకొచ్చింది.

ఒకప్పుడు అన్నదమ్ములిద్దరిదీ ఒకే కొట్టు. అన్న వెనక గదిలో అద్దాలు అరగదీస్తే, తమ్ముడు ముందు కూర్చుని కబుర్లతో బేరాలు కుదిర్చేవాడు. ఆ తమ్ముడు అవతలి వీధిలో సొంత కొట్టు చూసుకున్నాడన్న కబురు అన్న కొట్టుకొచ్చినవాళ్ళ నోట వినాల్సి వచ్చింది. మాటా మాటా పెరిగింది. ఆ సాయంత్రమే చిన్నకోడలు గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, వీళ్ళిద్దరూ ఒకే దువ్వెనతో తలలు దువ్వుకుని, ఒకరి మొగుణ్ణి ఒకరికి వెక్కిరించి చూపించుకుని నవ్వుకుంటూ బతికారు. తమ్ముడూ చిన్నకోడలూ గడప దాటాక ఆయన చెయ్యి చాపి, ఇక వాళ్ళతో మాట్లాడనని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. పెద్దకోడలు వేసింది.

ఆ తరువాత ఒక పొద్దున, పార్కులో గుండ్రంగా నిలబడిన ఆడవాళ్ళ మధ్య చిన్నకోడలు కనబడేసరికి ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. చిన్నది వచ్చి పక్కనే నిలబడింది. పలకరించలేదు. ఒట్టు సంగతి ఎవరి ద్వారానో చెవిన పడ్డట్టుంది, అక్క చేత మాట తప్పించడం ఇష్టం లేకపోయింది. ఆ క్లాసులో వరసగా ఒక్కొక్కరూ ఒక్కో అంకె గట్టిగా చెప్పాలి. ఎవరి చోటు వాళ్ళకు ఖాయం. పెద్దకోడలిది ఏడు, చిన్నకోడలిది ఎనిమిది.

ఆ ఎనిమిదిలోనే ఆమెకు అన్నీ తెలిసేవి. బొంగురుగా వస్తే జలుబు. సాగదీస్తే మనసు కులాసాగా ఉన్నట్టు. సగం మింగేస్తే రాత్రి ఏడ్చినట్టు. తన ఏడులో చిన్నది ఏం వినేదో గానీ, వెళ్ళేటప్పుడు ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేది.

మర్నాడు ఆయన అన్నంత పనీ చేశాడు. డాబా మీద ఎదురుగా నిలబడి, ఒకటి నీది, రెండు నాది అంటూ మొదలుపెట్టాడు. ఆట బాగానే సాగింది. "ఏడు" అని ఆమె చేతులు పైకెత్తి, అలవాటుకొద్దీ కుడిపక్కకు చెవి పెట్టింది.

"ఎనిమిది," అన్నాడు ఆయన.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. ఎక్కడైనా నరం పట్టేసిందేమోనని ఆయన గాభరాగా వచ్చి పట్టుకున్నాడు.

"అది మీది కాదండీ," అంది. "ఎనిమిది చిన్నదానిది."

ఆయన చెయ్యి వదిలేశాడు. "అంటే, వాడి పెళ్ళాన్ని చూడ్డానికా రోజూ పోతున్నావు? నా చేతిలో చెయ్యి వేసి మాటిచ్చావు."

"ఇచ్చాను. మాట్లాడలేదు. పక్కన నిలబడి లెక్కపెట్టాను, అంతే. అది కూడా లేకుండా చేస్తే ఆ పాపం మునిసిపాలిటీది కాదు, మీది."

ఆయన గొంతు లేచింది. నమ్మినవాడే గొంతు కోశాడని, ఆ రోజు కొనేవాళ్ళ ముందు తన తల తీసేసినట్టయిందని, ఎన్నోసార్లు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"మీరు మీ తమ్ముణ్ణి వదులుకున్నారు. నా చేత నా చెల్లెల్ని ఎందుకు వదిలించారు? నన్ను ఒక్క మాట అడిగారా?"

ఆయన పిట్టగోడ పట్టుకుని వీధి వైపు తిరిగాడు. వాడు కూడా పార్కుకు వస్తాడా అని అడిగాడు. స్కూటరు మీద తెచ్చి దింపి, క్లాసు అయ్యేదాకా గేటు బయటే కూర్చుంటాడని ఆమె చెప్పింది.

"కళ్ళజోడు పెట్టుకుంటున్నాడా? చిన్నప్పటి నుంచీ వాడికి బద్ధకం."

"పెట్టుకుంటున్నాడు. మీరు చేసి ఇచ్చిందే. కాడ విరిగితే దారం చుట్టుకున్నాడు."

"కొట్టు నిండా కళ్ళజోళ్ళు పెట్టుకుని దారమా," అన్నాడు.

సోమవారం పొద్దున ఆమె కంటే ముందు ఆయనే చెప్పులు వేసుకున్నాడు. పార్కులో టీచరమ్మ చేతిలో డబ్బు పెట్టి, "మా ఇంటి ఆడవాళ్ళిద్దరికీ" అన్నాడు. చిన్నకోడలు విని తల దించుకుంది. ఆయన మరి ఎవరి వంకా చూడకుండా గేటు వైపు నడిచాడు.

లెక్క మొదలైంది. పెద్దకోడలి కళ్ళు గేటు మీదే ఉన్నాయి. మరిది స్కూటరు దిగి, తిట్టినా పడతానన్నట్టు నిలబడ్డాడు. భర్త దగ్గరికి వెళ్ళాడు. తమ్ముడి మొహం మీది కళ్ళజోడు తనే తీసుకుని, దారం చుట్టిన కాడను వేలితో తడిమాడు. తరువాత జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి అద్దాలు తుడవసాగాడు.

లెక్క ఆరు దాకా వచ్చి ఆగిపోయింది. అందరూ చేతులెత్తి ఎదురుచూస్తున్నారు.

"అక్కా," పక్క నుంచి ఒక బొంగురు గొంతు. "నీ వంతు."

"నా వంతు ఎక్కడికీ పోదులేవే," అంది పెద్దకోడలు. "ముందు అటు చూడు."

టీచరమ్మ వాళ్ళిద్దరినీ చూసి, ఏడూ ఎనిమిదీ తనే చెప్పేసి లెక్కను ముందుకు నడిపించింది.