గంటల ఇల్లు

కొత్తగా పెళ్ళయిన కోడలికి ఆ ఇంట్లో అన్నీ సంబరాలే. ఒకే సాసర్లో రెండు కప్పులు ఇరికించి టీ తేవడం, భర్త బుగ్గ మీద దిండు ముడత అచ్చుపడితే చూసి నవ్వుకోవడం, ఆఖరికి మామగారి గోల కూడా.

ముందు గదిలో ఆయనకి గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. బాగైన అలారం గడియారాలన్నిటినీ పొద్దున్నే ఒక్కసారిగా మోగించి చూస్తారు. "గంట పలక్కపోతే మన పని దండగే అమ్మడూ" అంటారు. ఆ దెబ్బకి వీధి వీధంతా లేచి కూర్చుంటుంది.

ఆ రోజు కోడలు టీ తెచ్చి మంచం పక్కన పెడుతుండగానే గంటలు మోగాయి. భర్త ఉలిక్కిపడి లేచాడు. ఆమెతో ఏదో చెప్పబోయి, అలాగే వెనక్కి పడిపోయాడు. కళ్ళు తేలేశాడు.

"ఏమండీ! అత్తయ్యా, త్వరగా రండి!"

అత్తగారు పరుగున వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "అయ్యో, మా చిట్టి కూడా ఇలాగే..." అని నోరు నొక్కుకున్నారు.

చిట్టి ఆమె కూతురు. ఈ పెళ్ళికి ముందే, కాలేజీలో చదువుతున్న రోజుల్లో మూర్ఛ వచ్చి చనిపోయిందని కోడలికి చెప్పారు.

అతనికి కాసేపట్లోనే తెలివొచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఈసీజీ కాగితాన్ని రెండుసార్లు చూసింది. చిట్టి సంగతి విని, "ఆ అమ్మాయికి మూర్ఛ ఎప్పుడెప్పుడు వచ్చేది?" అని అడిగింది.

"పొద్దున్నే, నిద్రలేచే వేళ" అన్నారు అత్తగారు.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "అది మూర్ఛ అయ్యుండదమ్మా. గుండె కణాలకి సన్నటి ద్వారాలుంటాయి. కొట్టుకున్న ప్రతిసారీ వాటిలోంచి పొటాషియం బయటికి పోతేనే గుండె మళ్ళీ కొట్టుకోవడానికి సిద్ధమవుతుంది. మీ అబ్బాయికి ఆ ద్వారాలు సరిగా పనిచేయడం లేదనిపిస్తోంది. ఇలాంటివాళ్ళకి నిద్రలో హఠాత్తుగా గంట మోగితే, ఎన్నాళ్ళు తట్టుకున్నా ఏదో ఒక రోజు గుండె లయ తప్పవచ్చు. మందులిస్తాను. ఇంట్లో అలారాలు మాత్రం వద్దు. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చేది. మీరూ, మీ ఆయనా పరీక్ష చేయించుకోండి."

అతన్ని ఆసుపత్రిలోనే ఉంచారు. బట్టల కోసం అత్తా కోడళ్ళు ఇంటికొచ్చేసరికి మామగారు బల్ల ముందు కూర్చుని ఒక గడియారానికి కీ ఇస్తున్నారు. కోడలు డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది.

"ఆయన వచ్చేలోగా ఈ గంటలు ఆపెయ్యాలి మామయ్యా."

"వాడు ఈ గంటల మధ్యే పెరిగాడు. నిన్నగాక మొన్న వచ్చి నాకు చెప్తావా?"

"నా మాట కాదు, డాక్టరుగారి మాట."

"గంట మోగితే మనిషి పోతాడా? విడ్డూరం కాకపోతే!"

"మీకు కొడుకు కంటే గడియారాలే ఎక్కువా?" అని అరిచింది కోడలు.

"చాలించు!" అన్నారు అత్తగారు. "ఆయన్ని ఇంకొక్క మాట అనకు."

మామగారు చేతిలోని గడియారాన్ని బల్ల మీద పెట్టేశారు. తలెత్తకుండానే అన్నారు. "నువ్వు చెప్పేది నిజమని ఒప్పుకుంటే, మరి చిట్టిని చంపిందెవరమ్మా?"

కోడలికి ఇందాకటి నుంచీ ఆయన పోట్లాడుతున్నది దేనితోనో అప్పుడు అర్థమైంది.

"'పరీక్షలు నాన్నా, నాకసలే మొద్దునిద్ర' అంది చిట్టి. ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టిగా మోగేది ఏరి, దాని తల దగ్గర నేనే పెట్టాను."

"మీకు తెలీదు కదా మామయ్యా."

"తెలీదు" అన్నారాయన. "తెలీదు, తెలీదు అనుకుంటూ ఇంకెన్నాళ్ళు బతకాలో."

అత్తగారు వచ్చి నేల మీద, ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చున్నారు. "ఆ జబ్బు నా రక్తంలోంచే వచ్చిందని తేలితే బాగుణ్ణండీ. సగం పాపం నేను మోస్తాను. మీరొక్కరూ మొయ్యలేరు."

ఆయన ఒక్కో గడియారాన్నీ దగ్గరికి లాక్కుని, వెనక మూత విప్పి, గంటని కొట్టే చిన్న సుత్తిని ఊడదీయసాగారు. కన్నీళ్ళకి మర కనిపించక వేళ్ళు తడబడుతుంటే, కోడలు వచ్చి గడియారాన్ని కదలకుండా పట్టుకుంది.

ఆఖరిది కూడా అయిపోయాక ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు.

"చిట్టి ఉండగానే నువ్వు ఈ ఇంటికి రావాల్సిందమ్మా."