రెండు పెరళ్ళ పిట్ట

"మా పిట్టని మాకిచ్చెయ్యండి!"

గోడ మీద ఒక తల, రెండు మోచేతులు, బోలెడంత కోపం కనిపించాయి. నెస్తోర్ కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ ఇంట్లో అద్దెకి దిగిన రోజు నుంచీ ఆ తల ఎప్పుడు ఇటు తిరుగుతుందా అని చూస్తున్నవాడు. తీరా తిరిగింది, ఇలా తిరిగింది.

"ఏ పిట్టండీ?"

"ఏమీ తెలీనట్టు మాట్లాడకండి. అదిగో, మహారాజులా కూర్చుంది చూడండి. అది మాది."

మెస్కీట్ చెట్టు కొమ్మ చివర బొటనవేలంత హమ్మింగ్ బర్డ్ కూర్చుని ఉంది. అది మెడ తిప్పినప్పుడల్లా గొంతు మీద గులాబీ రంగు భగ్గుమంటోంది. ఇద్దరు మనుషులు తన గురించి పోట్లాడుకుంటున్నారని దానికి ఏ మాత్రం పట్టలేదు.

"దాని మీద మీ పేరు రాసి ఉందా?" అన్నాడు నెస్తోర్.

అనకూడని మాట అన్నాడు. డెల్ఫీనా మెక్సికో సరిహద్దు దగ్గరున్న మా టూసాన్ ఊళ్ళో రెండో తరగతి టీచరు. అలాంటి జవాబులు రోజుకి పాతిక వింటుంది, పాతికకీ బదులు చెబుతుంది.

"పేరు రాసి ఉంటేనే మనదా? అయితే మీ చొక్కా విప్పి ఇచ్చెయ్యండి, దాని మీదా పేరు లేదు."

అసలు సంగతి నేనే చెప్పేస్తాను. వాళ్ళ ఎదురింట్లో ఉంటున్నదాన్ని, కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. నెస్తోర్ ఏసీలు బాగుచేసే కుర్రాడు. ఎండలు తగ్గితే పని తగ్గుతుంది, పని తగ్గితే చూపు పక్కింటి మీదకి పోతుంది. పక్కింటి అమ్మాయి రోజూ సాయంత్రం పెరట్లో వేలాడే ఫీడర్, అదే పిట్టలకి తీపి నీళ్ళు పోసే సీసా, దాని దగ్గర నిలబడి పిట్టతో మాట్లాడటం చూశాడు. తనూ ఒకటి కొని వేలాడదీస్తే మాట కలపడానికి దారి దొరుకుతుంది కదా అనుకున్నాడు. షాపుకెళ్ళి, ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది తెచ్చాడు. పెళ్ళి మండపంలో దీపాల గుత్తిలా ఉంది అది. ఎర్ర గాజు, చుట్టూ పసుపు పచ్చ ప్లాస్టిక్ పూలు, వేలు కూడా దూరని మెడ.

పిట్ట వచ్చింది. అమ్మాయి కూడా వచ్చింది, కాకపోతే తిట్టడానికి.

"ఇంతకీ అందులో ఏం పోశారు?" అంది డెల్ఫీనా, కళ్ళు చిన్నవి చేసి.

"హమైకా."

"ఏంటీ?"

"మా అమ్మ చేసే షర్బత్తేనండీ. ఎండబెట్టిన ఎర్ర పూలు మరిగించి, బెల్లం వేసి, చల్లార్చి పోశాను. ఎరుపు రంగు దానికిష్టమట కదా. బజారు రంగు ఎందుకని ఇంట్లో కాచాను."

డెల్ఫీనా పెదాలు బిగించింది. "నిమ్మకాయ కూడా పిండారా?"

"కొంచెమే."

ఇక ఆగలేదు. గోడ అవతల నుంచి తల మాయమై నవ్వు మాత్రం వినిపించింది. మా వీధిలో హమైకా కాచని ఇల్లు లేదు కానీ, దాన్ని పిట్టకి పోసిన మొనగాడు మాత్రం ఇతనొక్కడే.

మళ్ళీ పైకి లేచేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు.

"బెల్లం దానికి పడదండీ. ఒంటికి చేటు చేస్తుంది. పైగా తొందరగా పులిసిపోతుంది. తెల్ల పంచదార ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు, అంతే. రంగు లేదు, తేనె లేదు, మీ అమ్మగారి వంట అసలే వద్దు."

"సారీ అండీ. ఇప్పుడే తీసేస్తాను."

"తియ్యండి. మా నానమ్మ మూడు రోజులుగా సరిగ్గా తినట్లేదు."

నెస్తోర్‌కి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. వాళ్ళ తాత మక్లోవియో పోయిన మర్నాడు, ఆయన చేత్తో వేలాడదీసిన ఫీడర్ మీద ఈ మగ పిట్ట వాలింది. మా వాళ్ళలో, పోయినవాళ్ళు ఈ పిట్ట రూపంలో వచ్చి చూసి వెళ్తారని అంటారు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు కూడా దాన్ని తరమరు. ఎలోయిసా నానమ్మ అయితే పూర్తిగా నమ్ముతుంది. తుంటి ఎముక విరిగి కుర్చీకి పరిమితమయ్యాక ఆమె రోజంతా ఆ కిటికీ దగ్గరే. పొద్దున పిట్ట వచ్చి తాగితేనే తనూ ముద్ద నోట్లో పెడుతుంది.

"మీ ఆయన పక్కింటికి మకాం మార్చాడని ఆవిడతో ఏ నోటితో చెప్పమంటారు?" అంది డెల్ఫీనా. 

నెస్తోర్ ఆ దీపాల గుత్తిని అక్కడికక్కడే కిందకి దించాడు. జాలిపడటం వేరు, తప్పు తనదని తెలిశాక మనసు చివుక్కుమనడం వేరు. అతనికి రెండోది జరిగింది.

కానీ పిట్ట పాత ఇంటికి పోలేదు. కొమ్మ మీదే కూర్చుని అటూ ఇటూ చూసింది తప్ప గుమ్మం తొక్కలేదు. మర్నాడు డెల్ఫీనా అతన్ని పెరట్లోకి పిలిచి తాత ఫీడర్ చూపించింది. సీసా మెడ లోపల నల్లగా బూజు. ఎంత సన్నటి బ్రష్షూ అక్కడికి అందదు.

"మిమ్మల్నొక్కరినే తిట్టాను," అంది నేల చూస్తూ. "సగం తప్పు నాదే. తాతయ్యది కదా, పారెయ్యడానికి మనసొప్పలేదు."

కిటికీ లోపలి నుంచి ఎలోయిసా నానమ్మ కేక వేసింది. "ఆ సీసా మీ తాతనుకుంటున్నావా? ఆ పిట్ట మీ తాత! కొత్తది కొను. ఆ కుర్రాణ్ణి వెంటపెట్టుకెళ్ళు, మోస్తాడు."

ఫీడర్ అరచేతిలో పట్టేంత. మోయడానికి మనిషెందుకని వాళ్ళిద్దరూ అడగలేదు. నానమ్మ కూడా చెప్పలేదు.

షాపులో నెస్తోర్ చెయ్యి మళ్ళీ పెద్దవాటి మీదకే పోయింది.

"ముట్టుకోకండి," అంది డెల్ఫీనా. "లోపలికి చెయ్యి దూరుతుందో లేదో ముందు చూడండి. కడగలేనిది కొనకూడదు."

"ఇది అందంగా ఉందండీ."

"అందం చూసే కదా మొదటిది కొన్నారు?"

"అవును," అన్నాడు ఆమె వైపే చూస్తూ. "అందం చూసే మొదలుపెట్టాను."

డెల్ఫీనా గభాలున అటు తిరిగి ఎర్ర మూత ఉన్న ఒక పళ్ళెం ఫీడర్ అందుకుంది. చెవులు మాత్రం ఆ మూత రంగులోకి తిరిగాయి. పళ్ళెంలా వెడల్పుగా, మూత తీస్తే మొత్తం తెరుచుకునేది అది. పసుపు పూలు లేవు, కాబట్టి తేనెటీగలు ముసరవు. పైన చిన్న గిన్నెలో నీళ్ళు పోస్తే చీమలు దాటలేవు.

దాన్ని నానమ్మ కిటికీ ముందు చూరు కింద వేలాడదీశారు. పొద్దున కాసేపు ఏటవాలు ఎండ తప్ప మిగతా రోజంతా నీడే. మూడో నాడు పిట్ట వచ్చి, నాలుక పెట్టి, వెనక్కి జరిగి, మళ్ళీ పెట్టింది. లోపల నానమ్మ చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. తర్వాత ఆమె రెండు రొట్టెలు తిని మూడోది అడిగింది.

కడిగే పని వంతులు వేసుకున్నారు. వేడి నీళ్ళు, కొంచెం వెనిగర్, బ్రష్షు, సబ్బు వద్దు. ఎండగా ఉంటే రోజు విడిచి రోజు, చల్లగా ఉంటే ఇంకాస్త ఆగి. నిజానికి ఒక మనిషి పది నిమిషాల్లో చేసే పని. వాళ్ళిద్దరూ కలిసి చేస్తే గంట పట్టేది.

"మళ్ళీ నిమ్మకాయ పిండుతున్నావా?" అనేది ఆమె.

"టీచర్ గారు చూడనప్పుడు," అనేవాడు అతను. మీరు ఎప్పుడు నువ్వయిందో వాళ్ళకీ గుర్తు లేదు.

డిసెంబరులో ఒక సాయంత్రం నెస్తోర్ వెళ్ళబోతుంటే డెల్ఫీనా తలుపు దగ్గర ఆపింది.

"రేపు తమాలెలు చుడుతున్నాం. నువ్వూ రా."

"తినడానికా?"

"చుట్టడానికి."

మా వైపు తమాలెలు తినడానికి ఎవర్నైనా పిలుస్తారు. మొక్కజొన్న పొత్తుల రేకులు పరుచుకుని పిండి రాసి, ఆవిరికి పెట్టడానికి చుట్టే బల్ల దగ్గరికి మాత్రం ఇంటి మనుషుల్నే పిలుస్తారు. ఈ సంగతి నెస్తోర్‌కి తెలుసు. కాళ్ళు నేల మీద ఆనకుండా ఇంటికి పోయాడు. ఆ రాత్రి నీళ్ళు గడ్డకట్టేంత చలి వేస్తుందనీ, చీకటి పడగానే ఫీడర్ లోపల పెట్టి తెల్లవారకముందే బయట వేలాడదీసే వంతు తనదనీ పూర్తిగా మర్చిపోయాడు.

పొద్దున కళ్ళు తెరిచాక గుర్తొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా గోడ దూకాడు.

ఫీడర్‌లో నీళ్ళు గాజు ముక్కలా బిగుసుకుపోయాయి. దాని అంచుకి పిట్ట తలకిందులుగా వేలాడుతోంది. ఒంటి కాలి పట్టు, మూసిన కళ్ళు, ఉబ్బిన ఈకలు. వేలితో తాకితే కదల్లేదు.

 లోపల కుర్చీ చక్రాలు కిర్రుమంటున్నాయి. నానమ్మ కిటికీ దగ్గరికి వస్తోంది. ఏమీ తోచక నెస్తోర్ తన జాకెట్ విప్పి ఫీడర్ మీద కప్పేశాడు.

"ఏం చేస్తున్నావక్కడ?" డెల్ఫీనా శాలువా చుట్టుకుని బయటికొచ్చింది.

"చలికి... కప్పానంతే."

"ఎండొచ్చింది కదా. తియ్యి."

"వద్దు, డెల్ఫీనా." ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "వద్దు. నానమ్మ చూస్తుంది."

ఆమె జాకెట్ అంచు ఎత్తి చూసింది. మొహం పాలిపోయింది.

"చచ్చిపోయిందా?" అంది గుసగుసగా.

"నా వల్లే. రాత్రి లోపల పెట్టడం మర్చిపోయాను."

"ఎలా మర్చిపోయావ్? ఇంత ముఖ్యమైంది ఎలా మర్చిపోతావ్ నెస్తోర్?"

"నువ్వు తమాలెలు చుట్టడానికి రమ్మన్నావు కదా. ఆ తర్వాత ఇంకేమీ గుర్తు లేదు."

డెల్ఫీనా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతోనో బాధతోనో అతనికి తెలియలేదు.

"ఎగిరి మెక్సికో పోయిందని చెబుదాం," అంది చివరికి. "ఆవిడ తట్టుకోలేదు."

"అలా చెప్పలేను. ఆవిడ రోజూ కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంది. రాని దాని కోసం చూస్తూ కూర్చోబెట్టలేను."

కిటికీ అద్దం మీద ఉంగరం వేలు టకటకా కొట్టింది. "గుసగుసలాపి ఆ గుడ్డ తియ్యండి!"

నెస్తోర్ కిటికీ దగ్గరికి నడిచాడు. 

"నానమ్మా, నన్ను క్షమించు. రాత్రి ఫీడర్ లోపల పెట్టడం మర్చిపోయాను. పిట్ట పోయింది. తప్పు నాది, డెల్ఫీనాది కాదు." వెనక్కొచ్చి జాకెట్ లాగేశాడు.

ఎలోయిసా నానమ్మ ముక్కు అద్దానికి ఆనించి చూసింది. ఏడవలేదు.

"తెలివి తక్కువ సన్నాసీ," అంది. "అది పడుకుంది."

"ఏంటీ?"

"బాగా చలి వేస్తే అలా మొద్దు నిద్ర పోతుంది. మా ఆయన బతికున్నప్పుడు ఇలాంటివి రెండు చూశాం. ఎండ తగిలితే లేస్తుంది. నువ్వు దాన్ని ఎండ తగలకుండా మూట కట్టావ్! జరగండి ఇద్దరూ."

ఇద్దరూ జరిగారు. చూరు కిందకి ఏటవాలుగా ఎండ వచ్చి పిట్ట వీపు మీద పడింది. చాలాసేపు ఏమీ జరగలేదు. డెల్ఫీనా చేతిలో నెస్తోర్ చెయ్యి నలిగిపోతోంది. అతను వదిలించుకోలేదు.

ఒక ఈక కదిలింది. తర్వాత ఒళ్ళంతా సన్నగా వణికింది. కన్ను తెరుచుకుంది. పిట్ట ఒక్కసారి బుర్రుమని తలకిందుల నుంచి నిటారుగా లేచి, గడ్డకట్టిన పళ్ళెంలో ముక్కు టకటకా కొట్టి, నెస్తోర్ మొహం ముందు గాల్లో నిలబడి కిచకిచా తిట్టింది.

"హమ్మయ్య!" అని నెస్తోర్ చల్లటి నేల మీద కూలబడ్డాడు. డెల్ఫీనా ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ అతని భుజం మీద నాలుగు బాదింది. తర్వాత లోపలికి పరుగెత్తి, కాచి చల్లార్చిన పంచదార నీళ్ళు తెచ్చి, పళ్ళెంలో గడ్డ తీసేసి పోసింది. పిట్ట దించిన ముక్కు ఎత్తకుండా తాగింది. కిటికీ లోపల ఎలోయిసా నానమ్మ కళ్ళు తుడుచుకుని రొట్టె విరిచింది.

"ఇంకెప్పుడూ నా దగ్గర ఏదీ కప్పిపెట్టకు," అంది డెల్ఫీనా అతని పక్కన కూర్చుంటూ.

"పెట్టను."

"ఇంకేమైనా దాచావా?"

"ఒకటుంది."

"చెప్పు."

"నువ్వంటే నాకు ప్రాణం."

"అదా? అది ఈ వీధిలో కుక్కలకి కూడా తెలుసు." తల వంచుకుంది. "నీ నోటితో ఎప్పుడంటావా అనే చూస్తున్నాను."

"మరి నువ్వు?"

డెల్ఫీనా లేచి, శాలువా సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. "నానమ్మా, ఇతను నాకు నచ్చాడు," అంది మెల్లగా.

ఇంతసేపూ గుసగుసలన్నీ పట్టేసిన ఎలోయిసా నానమ్మకి ఉన్నట్టుండి చెవుడొచ్చింది. "ఏంటే? అద్దం మూసుంది, వినపడట్లేదు. గట్టిగా చెప్పు!"

"నచ్చాడూ!" అని అరిచింది డెల్ఫీనా.

వీధి ఇవతల నా వంటింట్లోకి స్పష్టంగా వినపడింది. నేను పొయ్యి ఆర్పేసి, చేతులు తుడుచుకుని, వాళ్ళింటికి బయల్దేరాను.