మిల్ట్రీ రంగు

పచ్చ జీపు పొలంగట్టు దాటి మట్టిరోడ్డు మీదికి దూకుతుంది.

వెనకే నవనీత స్టీరింగ్ గిర్రున తిప్పుతుంది. ఆమె పాత జీపు ఒక పక్కకు ఒరిగి... మళ్లీ నాలుగు చక్రాల మీద పడుతుంది. పొద్దు ఇప్పుడే గూకింది. ముందంతా దుమ్ము. ఆ దుమ్ములో రెండు ఎర్ర లైట్లు.

ఆ లైట్లు కనబడుతున్నంతసేపే గాలయ్య ప్రాణాలకు గ్యారంటీ!

మేకలు కాసుకునే గాలయ్యను ఇందాకే దొడ్డి దగ్గర చేతులు కట్టేసి ఆ జీపులో పడేశారు. అతని పెళ్లాం గుండెలు బాదుకుంటూ నవనీత ఇంటికి పరుగెత్తింది. నవనీత స్టేషన్‌కు ఫోన్ కొట్టి తాళంచెవి అందుకుంది.

వారం కింద నవనీత తల్లి నర్సింగమ్మను గుద్ది చంపింది ఆ పచ్చ జీపే. బండి కంకర క్రషర్ ఓనర్ బాలకృష్ణది. "బండి నాదే, తోలింది నేను కాదు" అని స్టేషన్‌లో కాలు మీద కాలేసుకుని చెప్పాడు. స్టీరింగ్ మీద మనిషిని చూసింది గాలయ్య ఒక్కడే. పేరు చెప్పమంటే నవనీత మొహం చూసి తల దించుకున్నాడు. రేపు ఎస్సై ముందే చెబుతానన్నాడు.

వాగు అవతల పాత క్వారీ గుంతలున్నాయి. నిండా నీళ్లు. అందులో పడేస్తే ఇక రేపు లేదు.

"నీ పాడె గట్ట," పళ్లు కొరుకుతుంది నవనీత. యాక్సిలరేటర్ తొక్కుతుంది.

సైన్యం వాడే బండికి సివిల్ మోడల్ ఆ పచ్చ జీపు. డబ్బుంటే షోరూంలో ఎవడైనా కొనుక్కోవచ్చు. కొనుక్కుని ఊరుకుంటే బాగుండేది. బాలకృష్ణ దానికి కొత్తగా మిల్ట్రీ పచ్చరంగు కొట్టించాడు. ముందు ఇనుప గార్డు, వెనక డీజిల్ మోసే జెర్రీ క్యాను. బయట మనుషులు తమ బండ్లకు ఆ రంగు వేసుకోకూడదని రూలుంది. ఆయన దగ్గరికెళ్లి రూలు చదివే మొనగాడెవడు? యుద్ధానికి బయల్దేరినంత సోకు... పోయేది కంకర కొట్టుకోవడానికి!

ఆ రంగే కొంప ముంచింది.

నర్సింగమ్మ కొడుకు మల్లేష్ ఆర్మీలో డ్రైవరు. ఆ సాయంత్రం మలుపులో పచ్చబండి కనబడగానే, కొడుకును దింపడానికే వచ్చిందనుకుంది పిచ్చితల్లి. సాక పోయాలని చెంబెడు పసుపునీళ్లతో ఉరికింది. దూరం నుంచి వచ్చిన మనిషి ముందు ఆ నీళ్లు పోస్తే దారిలో తగిలిన కీడు దారిలోనే పోతుందని నమ్మకం. "మల్లేషూ, దిగు బిడ్డా" అంటూ రోడ్డుకు అడ్డం నిలబడిందట.

బండి ఆగలేదు.

పాపం ముసల్ది, రంగు చూసి పొరబడ్డది అని ఊరంతా అనుకుంది. మల్లేష్‌కు సెలవు దొరకలేదట. ఫోన్లోనే ఏడ్చాడు. తల్లికి కొరివి నవనీతే పెట్టింది.

నవనీత టాప్ గేర్ వేస్తుంది.

హైవే దగ్గర చెక్‌పోస్ట్!

కర్ర లేస్తుంది. పచ్చ జీపు సర్రున దూసుకుపోతుంది. కాపలా ఉన్నతను దానికి సెల్యూట్ కొడతాడు!

కర్ర నవనీత ముందు దబ్బున పడుతుంది.

మిల్ట్రీ బండి వెంట ఎందుకు పడుతున్నావని గదమాయిస్తాడు. నవనీత తల బయటపెట్టి అరుస్తుంది.

"గది క్రషరోని బండి. నేను తోలేదే అసలు మిల్ట్రీది. గేటు లేపు."

అతను నవ్వుతాడు. ఆమె చెప్పింది నిజమే. ఆర్మీ వాడి వాడి వేలంలో అమ్మేసిన జీపది. తెల్ల రంగేసుకుని ఇప్పుడు పల్లికాయ బస్తాలు మోస్తోంది. తెల్లగా ఉన్నదానికి సెల్యూట్ ఎవడు కొడతాడు?

రివర్స్... ఫస్ట్ గేర్...

ఫటేల్!

కర్ర రెండు ముక్కలు. నవనీత హైవే దాటేస్తుంది. ఒళ్లో ఫోన్ మోగుతుంది. ఎస్సై కరుణ. ఒంటరిగా పోవద్దని, తాము బయల్దేరామని కేకలేస్తోంది. నవనీత స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ను జాకెట్‌లో దోపుకుంటుంది. ఆగదు.

వాగు!

వానలకు జోరుగా పారుతోంది. బాలకృష్ణ ఇక్కడ ఆగాల్సిందే. తడి ఇసుకలో దిగబడినా ట్రాక్టర్ కోసం ఫోన్ కొట్టే రకం అతను.

పచ్చ జీపు ఆగదు.

బ్రేకు పడదు. గేరు మారదు. నీటి వాలుకు ఏటవాలుగా, ఒకే జోరున సాగిపోతుంది.

నవనీత కాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. ఈ మిల్ట్రీ తోలుడు తనకు తెలుసు. ఇదే వాగులో, తను తోలుతున్న ఈ పాత జీపులోనే తనకూ ఇట్లాగే నేర్పించారు.

ఎవడో మిల్ట్రీవాణ్ని పట్టుకొచ్చాడు... అంతే. అంతే అయ్యుంటుంది.

ఆమె కూడా వాగులో దిగుతుంది.

నడి వాగులో పచ్చ జీపు ఒక్కసారిగా వంకర తిరుగుతుంది. వెనక సీట్లోంచి గాలయ్య కట్టేసిన చేతులను డ్రైవర్ మెడకు తగిలించి లాగుతున్నాడు! ముందు చక్రాలు మడుగులో దిగబడతాయి. ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోతుంది.

నవనీత జాకీ రాడ్‌తో నీళ్లలోకి దూకుతుంది.

ముందు బాలకృష్ణ దిగుతాడు, చేతులు పైకెత్తి. తోలింది తను కాదని ముందే చెప్పానంటాడు. ఆమె అతన్ని పక్కకు తోసేస్తుంది. డ్రైవర్ డోర్ లాగుతుంది. మొహానికి తువ్వాలు కట్టుకున్న మనిషి మెడ పట్టుకుని దగ్గుతున్నాడు.

రాడ్ గాల్లోకి లేస్తుంది.

"నీ మొహం జూసి ఎట్ల చెప్పాలె బిడ్డా..." వెనక నుంచి ఏడుస్తాడు గాలయ్య.

తువ్వాలు జారుతుంది.

"అక్కా..."

మల్లేష్.

అమ్మ పొరబడలేదు!

సెలవు మీద ముందే వచ్చాడట. ఇంటికి రాకుండా క్రషర్‌లో దోస్తు బాలకృష్ణతో తాగుతూ కూర్చున్నాడట. బండి బాగుందని ఒక రౌండ్ తోలాడట.

"నన్ను జూసింది అక్కా. పేరువెట్టి పిల్సింది. తాగి ఉన్న. గుద్దినంక ఆగుతే నౌకరి పోతదని..." నీళ్లలో మోకాళ్ల మీద కూలబడతాడు. "ఇగ నీకు నేను దప్ప ఎవరున్నరే?"

నవనీత రాడ్ కిందికి దించుతుంది. ఎత్తి పెంచిన తమ్ముడు. ఈ వాగులో తనకు బండి నేర్పిన తమ్ముడు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మనిషి.

జాకెట్‌లో ఫోన్ అరుస్తోంది.

"నవనీతా! దొరికిండా? ఎవరు తోలిండ్రు?"

మల్లేష్ చేతులు జోడిస్తాడు. వద్దని తల ఊపుతాడు.

నవనీత ఫోన్ తీసి నోటి దగ్గర పెట్టుకుంటుంది.

"రాస్కోండి మేడం. మల్లేష్." మళ్లీ చెబుతుంది. "నర్సింగమ్మ కొడుకు."