నమ్మినవాళ్ళ ప్రాణం

ఆదివారం... అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

పెనుకొండ కోట మీద కారుమేఘాలు కమ్ముకుని పట్టపగలే అంధకారం అలముకుంది. ఎక్కడో గుడ్లగూబ కూసింది! ఆ కూత విని కూడా నవ్వుకుంటూ బసవరాజు మేడగదికి వెళ్ళారు ఆ ఇద్దరూ... వినాశకాలే విపరీతబుద్ధి అని ఊరికే అన్నారా!

ధర్మవరం నుంచి రైల్లో వచ్చిన రాధ. హిందూపురం నుంచి బస్సులో వచ్చిన ఇర్షాద్. ప్రతి ఆదివారం ముగ్గురూ కలిసి ఆడేది పాత్రల ఆట. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె... పాచిక పడినట్టల్లా కథ మలుపు తిరుగుతుంది. ఆట నడిపేవాడు బసవరాజు. సొంత అన్న కాకపోయినా రాధ అతణ్ణి నోరారా 'అన్నా' అనే పిలిచేది.

ఈసారి పాచికల గిన్నెకు బదులు కపాలం పెట్టాడు.

"యాడిదప్పా ఇది?" అన్నాడు ఇర్షాద్.

"ఆన్‌లైన్‌లో తెప్పించినాలే. ప్లాస్టిక్‌ది."

అబద్ధం! పచ్చి అబద్ధం! అది శ్మశానంలో తవ్వి తెచ్చింది!

రాధ పాచిక వేసింది. ఫెళఫెళమంటూ పిడుగు! కపాలం కళ్ళలో రక్తవర్ణ జ్వాల! ఆమె పాదాలు మంచుగడ్డలయ్యాయి... ఆ చలి నడుము దాటి గుండెకు పాకుతోంది...

"కాళ్ళు కదలడంలేదన్నా! పట్టుకో అన్నా!"

బసవరాజు పట్టుకోలేదు. వికటాట్టహాసం చేశాడు!

"ఇది ఆట కాదు రాధా! మాంత్రికుణ్ణి నమ్మినవాళ్ళ ప్రాణం క్షుద్రశక్తికి ఆహుతి... ఇదే మంత్రం! నీ ప్రాణమిస్తే ఆ శక్తి నా చెప్పుచేతల్లో ఉంటాది. నీ అంతగా నన్ను నమ్మినోళ్ళు ఇంకెవరుండారు?"

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా!

ఇర్షాద్ అరిచాడు. "నమ్మకం ఎప్పుడుండాల? మంత్రం మొదలయ్యేటప్పుడా, ప్రాణం తీసేటప్పుడా? మంత్రంలో ఆ మాట లేదు!"

"మొదట్లో ఉంటే చాలు!"

"నువ్వు మాట్లాడకూడదబ్బా! రూలు తేలకపోతే లాభమొచ్చేటోడు నోరు మూసుకోవాల. మిగిలినోళ్ళు తీర్పు చెప్పాల. మన ఆటలో అదే కదా పద్ధతి!"

బసవరాజు ముఖం పాలిపోయింది. తాంత్రికపూజను ఆటలో దాచాడు మూర్ఖుడు! ఆట పద్ధతులతోనే క్షుద్రశక్తిని కట్టేశాడు. ఇక ఆ బల్ల దగ్గర చెప్పిన తీర్పే దానికి శాసనం!

"ప్రాణం తీసేటప్పుడు ఉండాల," అన్నాడు ఇర్షాద్.

రాధ బసవరాజు కళ్ళలోకి చూసింది. పిసరంత జాలైనా ఉంటుందేమోనని వెతికింది... లేదు.

"అవును, అప్పుడే ఉండాల. నేను నిన్ను నమ్మను!"

చలి సర్రున దిగిపోయింది. కపాలం గర్జించింది. "వీణ్ణి నమ్మేవారెవరు?"

ఇద్దరూ బల్లకు దూరంగా జరిగారు.

"నేనుండా! నా మీద నాకు నమ్మకముండాది! నా ఆజ్ఞ విను..."

మాట పూర్తి కాలేదు! మాంత్రికుణ్ణి నమ్మినవాడు దొరికాడు! జ్వాల అతణ్ణే చుట్టేసింది... ఒక్క కేక... గుప్పెడు బూడిద!

బయట వాన మొదలైంది. "పా రాధా, ఈడ ఉండొద్దు," అన్నాడు ఇర్షాద్.

ఆమె లేవలేదు. కుమిలి కుమిలి ఏడ్చింది.

"మా నాయన పాడె మోసినాడు కదప్పా వాడు! ఆ పొద్దు గూడా... నా ప్రాణం కోసరమేనా మోసింది?"